ఎదురు నిలిస్తే ఆవగింజ రాదు

సెప్టెంబరు 2, మంగళవారం

నీ మాట వినేవాళ్ళు నీ ఇంట్లో ఒక్కరైనా ఉన్నారా, బోధకుడా? జవాబు చెప్పు. ఆదివారం అద్దె హాల్లో మైకు లేకుండానే గోడలు అదరగొడతావు. నీ గొంతు వింటే నిద్రపోయేవాడు లేచి కూర్చుంటాడు, అప్పులవాడు కూడా ఆమెన్ అంటాడు. మరి ఇవాళ సాయంత్రం ఏమైంది? మోకాలెత్తు కూడా లేని నల్ల కుక్క నీ మొహంలోకి చూసింది, నువ్వన్న ప్రతి మాటా విన్నది, విని తీరుబడిగా అవతలికి వెళ్ళి గడ్డి వాసన చూసింది.

కోపం చల్లారాలని రాస్తున్నాను. ఇంకెవరికీ చూపించేది కాదు.

ఈ కుక్క నాకు అక్కర్లేదు. ఈ దేశం వచ్చినప్పటి నుంచి పాప అడుగుతూనే ఉంది. స్కూల్లో దానికి ఒక్క స్నేహితురాలూ కుదరలేదు, ఇంట్లో కూడా ఒకటీ అరా తప్ప మాట్లాడదు. సరే అన్నాను. దిక్కులేని కుక్కల షెల్టర్ వాళ్ళు నెలరోజులు చూసుకోమని ఇచ్చారు. ఇది పిరికిది. లిఫ్ట్ అంటే భయం, గొడుగంటే భయం, చీపురంటే మంచం కిందికి దూరుతుంది. వారానికి రెండుసార్లు మైదానానికి తీసుకెళ్ళి పరుగులు, దూకుళ్ళు నేర్పించాలి, అప్పుడు ధైర్యం వస్తుంది, అది మా షరతు అన్నారు. పాప ఎగిరి గంతేసి ఒప్పుకుంది. ఆ గంతు చాల్లేదన్నట్టు స్కూలు మెట్ల మీంచి కూడా ఎగిరింది. కాలికి సిమెంటు కట్టు. ఇప్పుడు పరిగెత్తేది ఎవరు? నేను!

కుక్కకు పాప ఆవగింజ అని పేరు పెట్టింది. నన్ను మెత్తబరచడానికి, ఆవగింజంత విశ్వాసం అన్న బైబిలు వాక్యంలోంచి ఏరి తెచ్చిన పేరు. నాకు తెలియదనుకుంది.

మైదానంలో దూకే బద్దలు, గుడ్డ సొరంగం, వరసగా పాతిన కర్రలు, ఏతాంలా పైకీ కిందికీ ఊగే పొడుగాటి పలక ఉన్నాయి. కోచ్ ఒక భారీ మనిషి, మెడలో ఈల వేలాడదీసుకుంటుంది గానీ ఊదదు. నేను మొదటి బద్ద అవతల నిలబడి, చేతులు చాచి, కడుపులోంచి పిలిచాను.

"ఆవగింజా! దూకు! దూకి రా!"

పక్క మైదానంలో బంతాట ఆగిపోయింది. కోచ్ దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"దాన్ని తిడుతున్నారా?"

"లేదండీ, పిలుస్తున్నాను."

"మా వీధిలో అలా పిలిస్తే పక్కింటివాళ్ళు పోలీసులకి ఫోన్ చేస్తారు."

బెంచీ మీద కట్టు కాలు చాపుకుని కూర్చున్న పాప చేత్తో నోరు మూసుకుంది. నవ్విందా? నవ్వితే ఈ నెలరోజుల్లో అదే మొదటిసారి.

సెప్టెంబరు 3, బుధవారం

దానికి తెలుగు రాదేమో.

సెప్టెంబరు 4, గురువారం

వచ్చు. ఇవాళ పరీక్షించాను. అది మంచం కింద ఉండగా మా ఇంటావిడ చేత వంటింట్లోంచి, కావాలనే గొంతు తగ్గించి, "తిందువు రా" అనిపించాను. గోళ్ళు నేలకు టకటకలాడించుకుంటూ వచ్చేసింది. తర్వాత నేను హాల్లో నిలబడి అదే మాట గట్టిగా అన్నాను. తలుపు దగ్గరే ఆగిపోయి చెవులు వెనక్కి వాల్చింది.

"ఒకే భాష, ఒకే మాట. నీకు వస్తుంది, నాకు రాదేం?" అన్నాను.

"నేను గరిటె పట్టుకుని ఉన్నాను. మీరు వేలు చూపిస్తున్నారు" అంది ఇంటావిడ.

వేలు చూపించానా? నాకు గుర్తు లేదు.

సెప్టెంబరు 6, శనివారం

ఊగుడు పలక దగ్గర ఘోరం. అది ఎక్కుతుంది, మధ్యకు రాగానే పలక అవతలి వైపు ఒరుగుతుంది, ఆ కదలికకు వణికి కిందికి దూకేస్తుంది. నేను అవతలి కొసన గోడలా నిలబడి, చేతులు చాచి, రా రా అని పిలుస్తూనే ఉన్నాను. పిలిచినకొద్దీ నేలకు అతుక్కుపోయింది. గొర్రెలు కాపరి స్వరం గుర్తుపడతాయని ఎన్నిసార్లు ప్రసంగించి ఉంటాను! ఇది గొర్రె కాదు కదా అని సర్దిచెప్పుకున్నాను. కానీ కాపరి వెంట కుక్క కూడా ఉంటుంది. అది మాత్రం ఎవరి స్వరం వింటుంది?

సెప్టెంబరు 7, ఆదివారం

ఇవాళ ప్రసంగం అగ్గిలా వచ్చింది. ఇంట్లో పెట్టుకునే చిన్న చిన్న విగ్రహాల మీద. ఫోను, కారు, టీవీ, ఒక్కొక్కదాన్నీ పట్టుకుని దులిపేశాను. జనం ఊగిపోతున్నారు. ఆ ఊపులో నోటికి వచ్చేసింది.

"మా ఇంట్లో కూడా ఒక కుక్క చేరింది! ప్రార్థన వేళకి దాని నడక, వాక్యం వేళకి దాని తిండి! నెలాఖరుకి నా చేతులతో నేనే తీసుకెళ్ళి అప్పజెప్తాను. మీ అందరి ముందు చెప్తున్నాను. చూడండి!"

ఆమెన్ అని హాలంతా మోగింది. మా సంఘంలో తబలా వాయించే తమ్ముడు దరువు కూడా వేశాడు.

పాప ముందు వరసలో కట్టు కాలు కుర్చీ మీద పెట్టుకుని కూర్చుంది. తల ఎత్తలేదు.

సెప్టెంబరు 8, సోమవారం

"అది మీ కూతురు. మీ సంఘం కాదు" అంది ఇంటావిడ. ఇంకేం అనలేదు. అంటే బాగుండేది, సమాధానం చెప్పేవాణ్ణి.

పాపను నేనే కదిపాను. "అన్న మాట ఉంది కదమ్మా. ఏం చెయ్యను?"

"నేనేం అనలేదు నాన్నా."

"నీకు ఉంచుకోవాలని ఉంటే అడుగు."

"అడగను. ఇదొక్కటే అడిగాను ఇక్కడికొచ్చాక. ఇంకేదీ అడగను."

అరిచి ఉంటే బాగుండు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

సెప్టెంబరు 10, బుధవారం

నెలాఖరుకి వెళ్ళిపోతుంది. నాకేం లేదు. మైదానానికి మాత్రం వెళ్ళాలి, షరతు కాబట్టి.

సెప్టెంబరు 11, గురువారం

షరతు కాబట్టే వరండాలో తుడుపు కర్రను రెండు చెప్పుల పెట్టెల మీద ఆనించాను. ఆవగింజ వాసన చూసింది. నేను దాటాను. అది నన్ను చూసింది. మళ్ళీ దాటాను. పై అంతస్తు ముసలాయన మెట్లు దిగుతూ ఆగి, నన్నూ కర్రనూ చూసి, దణ్ణం లాంటిదేదో పెట్టి వెళ్ళిపోయాడు.

మూడోసారి నా వెనకాలే దూకింది! పిలవలేదే నేను! ఎందుకు దూకింది?

సెప్టెంబరు 13, శనివారం

కుడి వైపు సొరంగం అన్నాను. ఎడమ వైపు బద్ద దూకింది. మళ్ళీ కుడి అన్నాను. మళ్ళీ ఎడమే. "మొండిది" అన్నాను కోచ్‌తో.

"కాదు, చాలా మర్యాదగా మీరు చెప్పినట్టే చేస్తోంది. మీ నోరు కుడి అంది. మీ బొడ్డు ఎడమకి తిరిగి ఉంది. అది బొడ్డు మాట విన్నది."

"బొడ్డుకి మాటేంటండీ?"

"భుజాలకి ఉంది, మోకాళ్ళకి ఉంది. అది కుక్క, మీ గొంతు కంటే మీ ఒళ్ళే దానికి ఎక్కువ కనిపిస్తుంది. అన్నిటికన్నా పెద్ద గందరగోళం ఏంటో తెలుసా, మీరు దానికి ఎదురుగా నిలబడి రమ్మంటారు. మనిషి ఎదురుగా మొహం పెట్టి నిలబడితే కుక్కకి అర్థం ఒకటే: ఆగు."

"మరి రమ్మనాలంటే?"

"మీరు వెళ్ళండి."

ఇంటికొచ్చేదాకా అదే నా బుర్రలో తిరిగింది. ఇన్నేళ్ళుగా నేను చేసిన పనే అది. జనానికి ఎదురుగా నిలబడి, చేతులు చాచి, రండి అనడం.

కానీ మనుషులు కుక్కలు కారు. ఆ తేడా గట్టిగా రాసి పెట్టుకుంటున్నాను. మనుషులు కుక్కలు కారు.

సెప్టెంబరు 15, సోమవారం

మనుషులు కుక్కలు కారు, సరే. కానీ ఇది చూడు.

హోటళ్ళ దుప్పట్లు ఉతికే మా ఫ్యాక్టరీలో ఆవిరి యంత్రం చప్పుడుకు పక్కవాడి తుమ్ము కూడా వినపడదు. తబలా తమ్ముడూ నేనూ ఒకే దుప్పటికి చెరో మూలా పట్టుకుని ఇస్త్రీ రోలర్లకు అందించాలి. అంచు వంకర వెళితే ముడత, ముడత పడితే మళ్ళీ ఉతుకు. ఒక్క మాటా ఉండదు. నేను ఎప్పుడు వదులుతానో వాడికి ముందే తెలుస్తుంది. ఇవాళ టీ వేళలో బయటికొచ్చాక అడిగాను.

"ఎలా తెలుస్తుందిరా నీకు?"

"ఏం అన్నా?"

"నేను మూల వదలబోతున్నానని."

వాడు ఆలోచించాడు. "మీ ఎడమ మోచెయ్యి కిందికి దిగుద్ది. అయినా ఇప్పుడెందుకు? చేతులకేమైనా నొప్పా?"

"లేదులే. మా కుక్క..."

"ఇంకా పంపలేదా దాన్ని?" నవ్వాడు. "మా పిల్లలకి మీ ప్రసంగమే అస్త్రమైంది. కుక్క కావాలని ఏడిస్తే, అన్నగారే పంపేస్తున్నారు చూడండని నోరు మూయిస్తున్నా."

నేను టీ వైపు చూశాను.

అంటే, ఆదివారం కాకుండా మిగతా రోజులన్నీ నేను మాట లేకుండానే మనిషిని నడిపిస్తున్నాను. తెలియకుండానే. ఎవరు నేర్పారు నాకు? ఆ చప్పుడు నేర్పింది.

సెప్టెంబరు 16, మంగళవారం

ఇవాళ నోరు తెరవకూడదని నిశ్చయించుకున్నాను. నామీద నాకు నమ్మకం లేక నోట్లో ఒక లవంగం పెట్టుకుని పళ్ళతో పట్టుకున్నాను. మాట్లాడితే జారిపడుతుంది.

కోచ్ బద్దలు సర్దింది. ఆవగింజను కూర్చోబెట్టి, దానికి వీపు చూపించి, నేను నడిచాను. వెనక్కి చూడాలని మెడ పీకింది. వస్తోందా? వచ్చిందా? చూస్తే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే అది ఆగుతుంది. చూడలేదు. నడక పరుగైంది. నాలుగు కాళ్ళ చప్పుడు నా ఎడమ పక్కకు వచ్చింది, నన్ను దాటింది, బద్ద మీంచి లేచింది, నల్లగా, తేలిగ్గా. కుడి కాలు కుడికి వేశాను. సొరంగంలో దూరింది!

లవంగం మింగేశాను. గొంతు మండింది. పాప బెంచీ మీంచి కట్టు కాలితోనే లేచి నిలబడి అరుస్తోంది.

"పరిగెత్తు నాన్నా! ఆగకు! నువ్వు ఆగితే అది ఆగుద్ది!"

నాతో ఇన్ని మాటలు ఒకేసారి ఎప్పుడు మాట్లాడింది?

సెప్టెంబరు 17, బుధవారం

కాపరి వాక్యం మళ్ళీ తీసి చదివాను. ఎవరి తోడూ లేకుండా నేర్చుకున్న చదువు నాది. బడి నేర్పలేదు, బైబిలు కళాశాల నేర్పలేదు. లాండ్రీ షిఫ్టుల మధ్య జేబులో పెట్టుకుని, అరిగిపోయేదాకా చదివాను. ఆ పేజీ అంచులు నా వేళ్ళకే నల్లబడ్డాయి. స్వరం అనే మాట కింద ఎర్ర సిరా, నీలి సిరా, రెండూ ఉన్నాయి. దానికి ముందరి మాట మీద ఒక్క గీతా లేదు. అతడు వాటికి ముందుగా నడుస్తాడట. ముందుగా నడుస్తాడు, అవి వెంట వస్తాయి. అప్పుడు గానీ స్వరం గుర్తుపడతాయన్న మాట రాదు.

ఎన్నిసార్లు ఆ వాక్యం చదివాను! ఆ కాళ్ళ మీదుగా దూకి స్వరం దగ్గరికి వెళ్ళిపోయాను.

దీని మీద బ్రహ్మాండమైన ప్రసంగం చెయ్యొచ్చు.

(చూడు, వెంటనే నీకు తోచేది అదే.)

సెప్టెంబరు 20, శనివారం

ఊగుడు పలక. నేను పక్కన నడిచాను. అది మధ్యకొచ్చి ఆగింది. పలక ఒరిగింది. నేను ఆగలేదు, మెల్లగా నడుస్తూనే ఉన్నాను, తిరగలేదు. ఆవగింజ ఒళ్ళంతా వణికింది. పలక కొస నేలకు తాకింది. దబ్. అది దిగి, ఒకసారి ఒళ్ళు దులుపుకుని, నా మోకాలికి మూతి ఆనించింది.

దాన్ని ఎత్తుకున్నాను. వాసన బాగోలేదు. అయినా దించలేదు.

నెలాఖరుకి వెళ్ళిపోతుంది.

సెప్టెంబరు 21, ఆదివారం

ప్రసంగం మధ్యలో కుతూహలం ఆపుకోలేక జనం మొహాలు కాకుండా కాళ్ళు చూశాను. అయ్యో. ఆమెన్ అంటున్న సహోదరుడి రెండు బూట్లూ తలుపు వైపు ఉన్నాయి. కళ్ళు మూసుకుని ఊగుతున్న అక్కయ్య పాదాలు కారు పార్కింగు వైపు. తబలా తమ్ముడి కాళ్ళు మాత్రం తబలా వైపు ఉన్నాయి, వాడు నిజాయితీపరుడు.

నవ్వొచ్చి వాక్యం తప్పాను. అయిపోయాక వాడు వచ్చాడు.

"ఇవాళ గొంతు తగ్గింది అన్నా. ఒంట్లో బాలేదా?"

"బానే ఉందిరా."

"మధ్యలో నేల మీదకి చూస్తున్నారు. ఏమైనా పడిపోయిందా?"

మధ్యాహ్నం భోజనం దగ్గర బల్ల కింద పాప కాళ్ళు చూశాను. చూడకుండా ఉండాల్సింది. నేను కుర్చీ లాక్కోగానే కట్టు కాలు, మంచి కాలు, రెండూ మెల్లగా తన గది వైపు తిరిగాయి. మొహం నా వైపే ఉంది, పచ్చడి అందిస్తోంది కూడా.

సెప్టెంబరు 23, మంగళవారం

కట్టు విప్పారు. మైదానానికి నువ్వే పరిగెత్తించు, రా అన్నాను.

"నువ్వెళ్ళు నాన్నా."

"నీ కుక్కే కదా."

"వారంలో వెళ్ళిపోయే కుక్క. అలవాటైతే దానికే కష్టం." పాప దాని గిన్నె కడిగి, తుడిచి, సంచిలో పెడుతోంది. "షెల్టర్ వాళ్ళకి ఫోన్ చేశాను. ముప్పయ్యో తారీఖు పొద్దున తెస్తామని చెప్పాను."

"నన్ను అడక్కుండానే?"

"నువ్వు అందరి ముందు చెప్పావు కదా. నువ్వే మాట తప్పితే నీ మాట ఎవరు వింటారు?"

వెటకారం కాదు. నన్ను కాపాడుతోంది. నా పరువు సంచిలో సర్దుతోంది.

సెప్టెంబరు 25, గురువారం

ఏమీ లేదు.

సెప్టెంబరు 27, శనివారం

షెల్టర్ నుంచి ఫోన్. ఉంచుకోవాలంటే మంగళవారం పన్నెండు లోపు వచ్చి సంతకం పెట్టాలి, లేదంటే అదే రోజు ఇంకో ఇంటివాళ్ళు తీసుకెళ్తారట. వాళ్ళకు పెద్ద తోట ఉందట. తోట ఉన్నంత మాత్రాన? వాళ్ళకు దాని భయాలు తెలుసా?

ఉంచుకుంటే సంఘానికి ఏం చెప్పాలో కూర్చుని రాశాను. ఉపోద్ఘాతం, మూడు అంశాలు, ముగింపు. మూగజీవుల పట్ల దయ మొదటి అంశం. ఇంటావిడ భుజం మీంచి చూసింది.

"కుక్కని ఉంచుకుంటానని చెప్పడానికి మూడు అంశాలా?"

"నేను మొన్న అన్నదానికి ఇప్పుడు అనేదానికి పొంతన ఉండాలి కదా."

"పొంతన ఎందుకండీ? అప్పుడు తప్పుగా అన్నాను, ఇప్పుడు సరిచేసుకున్నాను అంటే సరిపోదూ?"

"అంత చిన్నగానా?"

"మీకు చిన్నదే కష్టం" అని దీపం ఆర్పకుండానే వెళ్ళి పడుకుంది.

సెప్టెంబరు 28, ఆదివారం

చెప్పలేదు. కాగితం జేబులోనే ఉంది. వేరే వాక్యం మీద మాట్లాడాను, గొంతు బాగానే వచ్చింది.

మెట్ల దగ్గర తమ్ముడు పిల్లల్ని వెంటేసుకొచ్చాడు. "మంగళవారమే కదా అన్నా? చెప్పండి వీళ్ళకి, మీ నోటితో."

పిల్లలు నా మొహంలోకి చూశారు. "అవునమ్మా, మంగళవారమే" అన్నాను.

పాప పక్కనే ఉంది.

సెప్టెంబరు 30, మంగళవారం, ఉదయం

మధ్యాహ్నం షిఫ్టు పెట్టించుకున్నాను. పాప ఇవాళ స్కూలు మానేసి తయారైంది. బూట్లు వేసుకుంది, సంచి తలుపు దగ్గర పెట్టింది, ఆవగింజ మెడకు తాడు కట్టింది. కుక్క తోక ఊపుతోంది, మైదానానికనుకుంటోంది. "మెట్ల దగ్గర ఉంటాం నాన్నా" అని, లిఫ్ట్ వద్దని, దాన్ని మెట్ల మీంచే మెల్లగా దింపుకుంటూ వెళ్ళింది.

నువ్వు ఇంకా ఇక్కడ కూర్చుని రాస్తున్నావు.

ఏం రాస్తున్నావు? వచ్చే ఆదివారం చెప్తావా? అప్పటికి అది పరాయి తోటలో, పరాయి మంచం కింద ఉంటుంది. పాపకు అప్పుడు వివరిస్తావా? అది వింటుంది, పచ్చడి అందిస్తుంది, ఇంకేదీ అడగదు. పదేళ్ళకూ అడగదు. పెళ్ళి కబురు కూడా ఇంకెవరి చేతనో చెప్పి పంపిస్తుంది. అది నీకు కావాలా? చెప్పు, కావాలా?

జేబులో కాగితం చింపు. ముందు తమ్ముడి ఇల్లు, దారిలోనే ఉంది, పిల్లలింకా స్కూలుకి బయల్దేరి ఉండరు. తలుపు కొట్టు. వాడి పిల్లల ముందే చెప్పు: "కుక్క మా ఇంట్లోనే ఉంటుంది. నేను తొందరపడి మాటన్నాను." అంతే, అంశాలు వద్దు. వాళ్ళు నవ్వితే నవ్వనీ, వాడికి కోపమొస్తే రానీ, వాడి పిల్లలు కుక్క కావాలని మళ్ళీ మొదలుపెడితే అది వాడి తిప్పలు. తర్వాత షెల్టర్. పన్నెండింటికి మూసేస్తారు. సంతకం నీది, పాప చూస్తుండగా పెట్టు.

రేపు కాదు, ఆదివారం కాదు. గడియారం చూడకు, అద్దం చూడకు. లే. ఈ మాట ముగించకుండానే లే. పాప కింద నిలబడి ఉంది. ఇవాళే. పద!